తెలుసమ్మ కుట్టిన సగం తెర

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ, అది ఆఫీసు కాగితాల మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. వీధి మొత్తానికీ ఆమె తెలుసమ్మ. ఎదురుగా మాత్రం ఎవరూ అలా పిలవరు. పిలిస్తే, ఆ సంగతి కూడా తనకు ఎప్పుడో తెలుసంటుందని భయం.

ఊరికే వచ్చిన పేరు కాదది. ఒకసారి పక్కింటావిడ ఆయాసపడుతూ వచ్చి, "మీరు డాబా మీద ఆరేసిన దుప్పటి గాలికెగిరిపోయిందండీ" అంది. "తెలుసు, పోనీలెండి, పాతదేగా" అంది తెలుసమ్మ. ఆవిడ తన తలుపేసుకుందో లేదో, ఈవిడ గబగబా మెట్లు దిగి, వీధి చివర బస్టాపు దాకా ప్రతి గోడ వెనకా ఆ దుప్పటి కోసం వెతుక్కుంది. పాతదేం కాదు, కొన్నాక అదే మొదటి ఉతుకు. ఇంకోసారి బస్సు దారి మారింది. "ఈ బస్సు మార్కెట్టు వైపు వెళ్ళదమ్మా" అని కండక్టరు చెప్పబోతే "తెలుసయ్యా" అని సీట్లో సర్దుకు కూర్చుని, చివరి స్టాపు దాకా వెళ్ళి, మండుటెండలో నడిచి వచ్చింది. ఎక్కడికెళ్ళావని అడిగిన భర్తతో గాలి మార్పుకని చెప్పింది.

చూసినవాళ్ళు గర్వమనుకుంటారు. పాపం, గర్వానికీ ఆమెకీ ఆమడ దూరం. ఇంట్లో నలుగురు అన్నదమ్ముల తర్వాత పుట్టిన ఆడపిల్ల. ఏదడిగినా "ఇది కూడా తెలీదా నీకు?" అని నలుగురూ ఒకేసారి నవ్వేవారు. బళ్ళో ఒకసారి లేచి నిలబడి సందేహం అడిగితే, మాస్టారు ఆ ప్రశ్ననే ముక్కుతో పలికి తరగతి మొత్తానికి వినిపించాడు. ఆ రోజు నుంచీ, దెబ్బ తగిలిన చోట చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు, ఆ ఒక్క మాటనీ అడ్డం పెట్టుకుంది. తెలుసు అనేస్తే చాలు, ఎవరూ నవ్వరు. దెబ్బ మానింది, పెళ్ళయింది, జుట్టు నెరిసింది. అడ్డం పెట్టిన చెయ్యి మాత్రం దించలేదు.

దీనివల్ల వచ్చిన చిక్కేమిటంటే, తెలుసన్న మనిషికి ఎవరూ మాట పూర్తిగా చెప్పరు. సగం చెప్పి ఆపేస్తారు. అలా నలభై ఏడేళ్ళ వయసుకి తెలుసమ్మ దగ్గర బోలెడన్ని సగాలు పోగయ్యాయి. రెండో సగం తనే ఊహించుకునేది. చేతిలో పనితనం ఉంది, బుర్రలో చురుకుంది, కాబట్టి చాలాసార్లు ఊహ నిజమయ్యేది కూడా. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటారు చూడండి, ఈవిడ కుందేలు ఆ మూడు కాళ్ళ మీదే చాలా దూరం నడిచింది.

ఆమె పని కుట్టుపని. పై అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, దాని మీద వాలిన వెలుతురు, కింద డబ్బాలో రంగురంగుల దారపు ఉండలు. ఒకప్పుడు ఆ మిషను చప్పుడు ఆగేది కాదు. తర్వాత తర్వాత కుట్టిన బట్టలే కొట్లో దొరకడం మొదలై, ఆమె దగ్గరకి చిరిగిన జేబులూ, ఊడిన జిప్పులూ, పొడుగైన పంట్లాములూ మాత్రమే వచ్చేవి. భర్త బస్సు డిపోలో మెకానిక్కు, ఇంటికొచ్చాక పెద్దగా మాట్లాడడు. "మా ఆయనకి మాటలు తక్కువ" అని అందరికీ చెప్పేది.

బయట పనికి రెండుసార్లు వెళ్ళింది. మొదటిది యూనిఫారాలు కుట్టే కార్ఖానా. అక్కడి పెద్ద మిషనులో సూది కింద బట్ట పెట్టాలంటే, బల్ల కిందున్న మీటని మోకాలితో తోసి, బట్టని నొక్కిపట్టే పాదాన్ని ఎత్తాలి. అది చూపించబోయిన అమ్మాయితో తెలుసనేసి, ఆ మీట కోసం రోజంతా చేత్తో వెతికింది. రెండోది ఆసుపత్రి దుప్పట్లు కుట్టేచోట. అక్కడ కథ ఇంకా పొట్టి. రెండుచోట్ల నుంచీ వచ్చేసి, "అక్కడి మిషన్లు బాగాలేవు" అంది. కానీ ఒక్కతే కిటికీ దగ్గర కూర్చున్నప్పుడు, ఇక తన బతుకు ఇంతేనా, ఊడిన జిప్పులతోనే తెల్లారిపోతుందా అని దిగులుపడేది.

అలాంటి రోజుల్లో ఆమె ఇంటి తలుపు తట్టింది పిచ్చుక.

పిచ్చుక అదే వీధిలో పెరిగిన పిల్ల. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా కూర్చునేది కాదు కాబట్టి ఆ పేరు. సూదిలో దారం ఎక్కించడం, బొత్తాం కుట్టడం నేర్పింది తెలుసమ్మే. పిట్ట కొంచెం కూత ఘనమన్నట్టు, ఆ పిల్ల పెద్దదై పెద్ద బజారులో కర్టెన్లు కుట్టే దుకాణం పెట్టింది. ఆరుగురు పనివాళ్ళు, ఒక పొడవాటి బల్ల, ముందు గదిలో నమూనా గుడ్డలు. పనివాళ్ళు మేడమ్ అని పిలుస్తారు.

"పిన్నీ, ఒక పెద్ద పని వచ్చింది. కొత్తగా కడుతున్న నాటకాల హాలుకి స్టేజీ తెర కుట్టాలి. నాకు చేతులు చాలట్లేదు, నువ్వొస్తావా?" అంది పిచ్చుక.

"స్టేజీ తెరేగా, తెలుసు" అంది తెలుసమ్మ. జీవితంలో నాటకాల హాలు గుమ్మం తొక్కలేదు.

"ఇది బాగా కుదిరితే హాలులో మిగతా గదుల పనంతా మనకే ఇస్తామన్నారు. అప్పుడు పక్క వాటా కూడా తీసుకుని రెండో బల్ల వేద్దామనుకుంటున్నాను. ఆ బల్ల నువ్వే చూసుకోవాలి పిన్నీ. కుదరకపోతే మాత్రం మళ్ళీ కిటికీ కర్టెన్లే. ఈ ఆరుగుర్నే నిలబెట్టుకోలేను, నిన్నెలా పెట్టుకుంటాను?"

ఆమె దాచుకోకుండా చెప్పింది. రెండో బల్ల అన్న మాట దగ్గరే తెలుసమ్మ మనసు ఆగిపోయింది. తన చేతి కింద ఒక బల్ల, దాని చుట్టూ నలుగురు మనుషులు. ఆ రాత్రి నిద్రలో కూడా ఆ బల్లకి గుడ్డ పరిచింది.

తెర గుడ్డ వచ్చింది. ముదురు వంకాయ రంగు ముఖమల్, ఎత్తితే చేతులు లాగేంత బరువు. స్టేజీ తెర అంటే ఒకే గుడ్డ కాదు, రెండు సగాలు. మధ్యలో విడిపోయి అటూ ఇటూ జరుగుతాయి. ఒక్కో సగానికి నిలువునా చాలా ముక్కలు కలిపి కుట్టాలి. ఎడమ సగం పాత పనివాళ్ళకీ, కుడి సగం తెలుసమ్మకీ, ఆమెకి సాయంగా ఇచ్చిన ఇద్దరు అమ్మాయిలకీ వచ్చింది.

ముఖమల్ మీద సన్నటి నూగు ఉంటుంది. ఆ నూగు ఒక వైపుకి వాలి ఉంటుంది. వాలు వెంట చెయ్యి పోనిస్తే నున్నగా జారుతుంది, ఎదురుగా పోనిస్తే గరుకుగా తగులుతుంది. కింది వైపు వాలితే గుడ్డ కాస్త మెరుస్తుంది, పై వైపు వాలితే తడిసినట్టు నల్లబడుతుంది. అందుకని దుకాణంలో గుడ్డ కోసే కటింగ్ మాస్టారు, ప్రతి ముక్క వెనకా సుద్దతో ఒక బాణం గుర్తు గీస్తాడు. నూగు వాలిన వైపుకి బాణం మొన. ఆ మొన నేలవైపుకి రావాలి. అంతే సంగతి. అది చెబుదామనే పిచ్చుక ఆ పొద్దున బల్ల దగ్గరకొచ్చింది.

"పిన్నీ, ఈ గుడ్డకి వాలుంటుంది. మాస్టారు బాణం గీస్తాడు కదా, దాన్ని..."

"తెలుసులేవే పిచ్చుకా. నీకు సూది పట్టడం నేర్పిన దాన్ని. తాతకి దగ్గులు నేర్పుతావా?" అంది తెలుసమ్మ అందరూ వినేలా.

పనివాళ్ళు ముసిముసిగా నవ్వారు. మేడమ్‌ని పిచ్చుక అనడం వాళ్ళు వినడం అదే మొదలు. పిచ్చుక ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయి, అనకుండా ముందు గదిలోకి వెళ్ళిపోయింది.

తెలుసమ్మ బాణాన్ని చూసింది. బాణం మొన అంటే పైకే కదా అనుకుంది. పైకి పోయేదాన్నే కదా బాణమంటారు. కొక్కేలు తగిలించే పట్టీ మొన వైపున రావాలన్నమాట. బల్లకి ఎదురు వైపున మాస్టారు మూడడుగుల దూరంలో ఉన్నాడు. "బాణం పైకా కిందికా మాస్టారూ?" అంటే ఒక్క ముక్కలో తేలిపోయేది. అడగందే అమ్మైనా పెట్టదని ఊరంతా చెప్పే సామెతే. కానీ ఇప్పుడే కదా అందరి ముందూ అంత మాటంది, వెంటనే వెళ్ళి ఏ నోటితో అడుగుతుంది? సాయంగా ఉన్న అమ్మాయిల్లో ఒకరు, "బాణం ఇటేనా ఆంటీ?" అని అడిగితే కూడా "ఇటే, నాకు తెలుసు" అంది. వాళ్ళు నమ్మారు.

అలా కుడి సగం మొత్తం తలకిందులుగా తయారైంది. కుట్టు మాత్రం ఏమాటకామాటే చెప్పుకోవాలి, గీత గీసినట్టు ఉంది. ముక్కలన్నీ ఒకే వైపుకి ఉన్నాయి కాబట్టి ఆ సగంలో తేడా కనబడదు. నూగు నలగకూడదని కుట్టిన దాన్ని కుట్టినట్టే వెనక్కి మడిచి చుట్టేస్తారు కాబట్టి, రెండు సగాలూ పక్కపక్కన పరిచి చూసినవాళ్ళు లేరు. కుచ్చిళ్ళు పెట్టారు, పై పట్టీ వేశారు, కింది మడతలో బరువు కోసం గొలుసు దూర్చి మూసేశారు.

నాటకాల హాలు ప్రారంభానికి ఇంకా మూడు వారాలున్నాయనగా తెర తీసుకెళ్ళి కట్టారు. పిచ్చుక, కటింగ్ మాస్టారు, తెలుసమ్మ వెళ్ళారు. హాలు నిండా కొత్త రంగు వాసన, ఇంకా కవర్లు తీయని కుర్చీలు. నిచ్చెనలు దిగిన మనుషులు చేతులు దులుపుకున్నారు. హాలు మేనేజరు వెనక్కి వెళ్ళి స్టేజీ దీపాలన్నీ వెయ్యమన్నాడు.

దీపాలు వెలిగాయి. ఎడమ సగం వంకాయ రంగులో నిగనిగలాడుతోంది. కుడి సగం వాన నీళ్ళు తాగిన గోడలా నల్లగా ఉంది.

మేనేజరు, "ఏమండీ మేడమ్, మేం ఒకే రంగు చెప్పాం కదా?" అన్నాడు.

పిచ్చుక చేతిలోని సంచీ కుర్చీలో పెట్టింది. కటింగ్ మాస్టారు కళ్ళు చికిలించి చూసి, "ఇది గుడ్డల షావుకారు పని మేడమ్. రెండు వేర్వేరు తడవల్లో రంగేసిన గుడ్డ కలిపి పంపాడు. నాకు ముందే అనుమానం" అన్నాడు. ఆయనకి ముందే అనుమానమేమీ లేదు. అలాంటి సమయంలో ఎవరికైనా ముందే అనుమానం ఉంటుంది.

"అంతే అయ్యుంటుంది. ఎన్నేళ్ళుగానో ఆయన దగ్గరే కొంటున్నాను, ఇలా చేస్తాడా?" అంటూ పిచ్చుక ఫోను తీసింది. ఆమె గొంతులో కోపం కంటే ఊరట ఎక్కువ ఉంది. తప్పు తమది కాదు.

తెలుసమ్మ ఈలోపు స్టేజీ ఎక్కింది. ఎందుకెక్కిందో ఆమెకే తెలీదు. గుడ్డ కనబడితే చేత్తో తడమడం కుట్టుపని వాళ్ళ అలవాటు. ఎడమ సగం మీద అరచెయ్యి పెట్టి కిందికి లాగింది. నున్నగా జారింది. కుడి సగం దగ్గరకొచ్చి అలాగే లాగింది. నూగంతా గరుగ్గా లేచి అరచేతికి ఎదురొచ్చింది.

వాలు. బాణం. ఆ పొద్దున పిచ్చుక చెప్పబోయిన మాట చివరి సగమేమిటో ఇప్పుడు, ఇంతమంది మధ్య, అరచేతికి తగిలింది. చిత్రమేమిటంటే, పుట్టి బుద్ధెరిగాక ఆమెకి ఒక సంగతి నిజంగా, పూర్తిగా తెలిసింది ఇప్పుడే. నోట్లోంచి ఆ మాట మాత్రం రావడం లేదు.

ఊరుకుంటే సరిపోతుంది. షావుకారు కాదంటాడు, పిచ్చుక అవునంటుంది, ఇద్దరూ నాలుగు రోజులు పోట్లాడుకుంటారు. ఎవరికీ ఆమె మీద అనుమానం రాదు. రెండో బల్ల కూడా పోకపోవచ్చు. చెబితే మాత్రం ఖాయంగా పోతుంది. దానితో పాటు, ముప్పై ఎనిమిదేళ్ళుగా ముఖానికి అడ్డం పెట్టుకున్న ఆ చెయ్యి కూడా దించాలి. అదే ఆమెకి ఎక్కువ భయంగా ఉంది. మింగలేక కక్కలేక నిలబడింది.

కింద పిచ్చుక ఫోనులో, "షావుకారు గారూ, మీరు చేసిన పనేమన్నా బాగుందా?" అని మొదలుపెట్టేసింది.

"ఫోను పెట్టెయ్యవే!" అని అరిచింది తెలుసమ్మ. కొత్త హాలు కదా, గొంతు మూల మూలకీ వినిపించింది. "ఆయన తప్పు కాదు. గుడ్డ మంచిదే. నేను తలకిందులుగా కుట్టాను. బాణం ఎటుండాలో నాకు తెలీదు. తెలీదని చెప్పలేదు. అడగలేదు."

పిచ్చుక ఫోను దించింది. ఆమె ముఖంలో ముందు అర్థం కానితనం, తర్వాత కోపం కనబడ్డాయి.

"నేను చెప్పడానికి వచ్చాను కదా పిన్నీ! నోరు తెరిచానో లేదో తెలుసన్నావు. అందరి ముందూ నన్ను చిన్నబుచ్చావు. ఇప్పుడు తెలీదంటావా? ఇప్పుడా?"

తెలుసమ్మ తల వంచుకుంది. పాతికేళ్ళ కిందట బొత్తాం కుట్టడం నేర్పిన పిల్ల తిడుతుంటే, ఆ తిట్టులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. అన్నిటికీ ఊ కొట్టింది. కళ్ళనీళ్ళు వస్తే తుడుచుకుంది. చిత్రంగా, ఎవరూ నవ్వలేదు. మాస్టారు తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు. మేనేజరు కూడా నవ్వలేదు.

పిచ్చుక తిట్టి తిట్టి అలిసిపోయి, మొదటి వరుసలో కుర్చీలో కూలబడింది. చాలాసేపటికి, "నాదీ తప్పుంది" అంది చిన్నగా. "నువ్వు తెలుసన్నా సరే, నేను కూర్చోబెట్టి చెప్పాల్సింది. నువ్వు ఆ మాటంటే నాకు నోరు పెగల్లేదు. నీ ముందు నేనింకా దారం ఎక్కించలేని పిల్లనే. నిజం చెప్పనా పిన్నీ? ముఖమల్ పని ఇంత పెద్దది నేనూ ఎప్పుడూ చెయ్యలేదు. వచ్చని చెప్పి ఒప్పుకున్నాను. ఇప్పుడు దీన్నేం చెయ్యాలో నాకు తెలీదు."

తెలుసమ్మ తలెత్తి చూసింది. దుకాణం పెట్టిన పిల్లకి కూడా తెలీనివి ఉంటాయా? ఆ పిల్ల కూడా తనలాగే చెయ్యి అడ్డం పెట్టుకుందా? ఆ పిల్లకి ఆ విద్య ఎవరు నేర్పారో ఆలోచిస్తే సిగ్గేసింది. దారం ఎక్కించడంతో పాటు అది కూడా తన దగ్గరే నేర్చుకుంది.

ఆమె స్టేజీ అంచున కూర్చుని కాళ్ళు కిందికి వేసింది. "నాకూ తెలీదు. కానీ ఇది కోసిన తప్పు కాదు కదా మాస్టారూ, కుట్టిన తప్పే కదా? ముక్కలన్నీ ఒకే వైపున్నాయి. పై పట్టీ, కింది మడత విప్పేసి, ఈ సగాన్ని ఉన్నదున్నట్టు తలకిందులు చేస్తే?"

"చెయ్యొచ్చు అక్కగారూ. కానీ కింది మడత విప్పాక సూది గుచ్చిన బెజ్జాల వరస మిగిలిపోతుంది. అదిప్పుడు పైకొస్తుంది. దీపాలకి చుక్కలు చుక్కలుగా కనిపిస్తే?" అన్నాడు మాస్టారు.

"కనిపిస్తాయా?"

"ఏమో, తెలీదు."

అలా ముగ్గురూ తెలీదన్నారు. తెలీదన్నాక చేసే పని ఒకటే ఉంది, తెలుసుకోవడం. దుకాణానికి వెళ్ళి, మిగిలిన ముఖమల్ ముక్క మీద అలాంటి కుట్టే వేసి, విప్పి, వెనకనుంచి ఇస్త్రీపెట్టె ఆవిరి పట్టించి, మెత్తటి బ్రష్షుతో నూగు దువ్వారు. బెజ్జాలు మూసుకున్నాయి. మొదటి ముక్క ఎక్కువ వేడికి పాడైంది. రెండోది బాగా వచ్చింది. వేడి ఎంతుండాలో తేలేదాకా మూడో ముక్క, నాలుగో ముక్క కూడా చూశారు. అప్పుడు గానీ అసలు తెర మీద చెయ్యి వెయ్యలేదు.

తెరని ఎలా సరిచెయ్యబోతున్నారో మేనేజరుకి పిచ్చుకే దాచకుండా చెప్పింది. ఆయన గొణిగాడు, తలపట్టుకున్నాడు, నాటకం వాళ్ళ రిహార్సళ్ళకి అడ్డం రాకుండా పొద్దున పూటలే పని చేసుకోమన్నాడు. ఆ వారమంతా స్టేజీ మీదే దుప్పట్లు పరిచి, తెర పరిచి, తెలుసమ్మా ఆమె ఇద్దరమ్మాయిలూ కుట్లు విప్పుతూ కూర్చున్నారు. తను వేసిన గట్టి కుట్టు తనే విప్పుకోవడమంత శిక్ష కుట్టుపనిలో ఇంకోటి లేదు. "ఇంత గట్టిగా కుట్టారేంటి ఆంటీ?" అని అమ్మాయిలు నవ్వితే, "నేను ఏడుస్తుంటే పొగుడుతున్నారు, పొగడండి" అంది.

తెర మళ్ళీ ఎక్కింది. దీపాలు వేశారు. ఒకటే రంగు.

ఇంతటితో తెలుసమ్మ మారిపోయిందంటే నమ్మకండి. ఏళ్ళ తరబడి పట్టిన అలవాటు ఒక్కపూటలో వదులుతుందా? మర్నాడు మాస్టారు ఏదో చెప్పబోతుంటే "తెలు..." దాకా వచ్చేసింది. నాలిక కరుచుకుంది. ఆ తర్వాత తనకి తనే ఒక ఉపాయం కనిపెట్టుకుంది. ఆ మాట నోట్లోంచి జారిపోతే జారిపోనీ, కానీ దాని వెనకే ఇంకో మాట తగిలించాలి. "తెలుసు, అయినా ఒకసారి చేసి చూపించండి." మొదట్లో వినడానికి తమాషాగా ఉండేది. తర్వాత ముందు మాట దానంతటదే రాలిపోయి, రెండోది మిగిలింది. ఇంకో అలవాటు కూడా చేసుకుంది. ఎవరేం చెప్పినా విని, తిరిగి వాళ్ళకే అప్పజెప్పడం. "అంటే మొన కిందికి, పట్టీ తోక వైపు, అంతేనా?" ఇది చూసి అమ్మాయిలు మొదలుపెట్టారు. తర్వాత మాస్టారు. వారం తిరిగేసరికి పిచ్చుక అది దుకాణం పద్ధతిగా పెట్టేసింది. కొత్త గుడ్డ కొయ్యబోయే ముందు, చెప్పించుకున్నవాళ్ళు తిరిగి చెప్పాలి. పిచ్చుక కూడా పెద్ద బేరాల దగ్గర, "ఇది నాకు కొత్త, కనుక్కుని చెబుతాను" అనడం నేర్చుకుంది. ఆ మాటకి బేరాలు పోతాయని భయపడింది గానీ, పోలేదు.

హాలు ప్రారంభం రోజు సాయంత్రం పిచ్చుక గుమ్మం దగ్గరే ఎదురొచ్చింది. "పిన్నీ, మిగతా గదుల పని మనకే ఇచ్చారు. తప్పు దాచకుండా చెప్పి సరిచేసినవాళ్ళు మళ్ళీ కూడా అలాగే చేస్తారన్నాడు మేనేజరు. పక్క వాటా మాట్లాడేశాను. రెండో బల్ల నీదే" అంది. తెలుసమ్మ ఆ పిల్ల బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని ఊరుకుంది.

తెరని ఇంకోసారి చూసుకోవాలని భర్తని తొందరపెట్టి ముందే తీసుకొచ్చింది. హాలు సగం ఖాళీగా ఉంది. ఇద్దరూ నాలుగో వరుసలో కూర్చున్నారు. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, గోళ్ళలో గ్రీజు వీలైనంత తోముకుని వచ్చాడు.

"ఇందులో నువ్వు కుట్టింది ఏ సగం?" అన్నాడు పూర్తిగా ఆమె వైపు తిరిగి.

"మీరే చెప్పండి."

ఆయన ముందుకి వంగి చాలాసేపు చూశాడు. "రెండూ ఒక్కలాగే ఉన్నాయి" అన్నాడు. ఆమెకి కడుపు నిండిపోయింది. ఆ సంతోషంలో, దుకాణంలో రెండు వారాలుగా అందర్నీ అడుగుతున్న మనిషి, మొట్టమొదటిసారి ఆయన్ని అడిగింది. బయట నేర్చిన బుద్ధి గడప దాటి ఇంట్లోకి రావడానికి కాస్త ఎక్కువ టైం పట్టింది.

"డిపోలో ఇవాళ ఏం జరిగిందండీ?"

ఆయన తెర వంకే చూస్తున్నాడు. మళ్ళీ అడిగింది. పలకలేదు. చెయ్యి మీద తట్టింది. ఆయన ఒళ్ళంతా ఇటు తిప్పి, "ఏదో అన్నావా? నువ్వు కూర్చున్న వైపు చెవి వినపడదు" అన్నాడు.

"వినపడకపోవడమేంటి? ఎప్పట్నుంచి?"

"చలికాలం ముందు నుంచి. ఇంజన్ల హోరు కదా."

"నాతో ఒక్క మాట చెప్పలేదేమండీ?"

"చెప్పాను కదా" అన్నాడాయన. నిష్ఠూరం లేదు, ఏ బస్సు ఏ రిపేరుకొచ్చిందో చెబుతున్నట్టే చెప్పాడు. "ఈ చెవి ఎందుకో అని మొదలుపెట్టగానే తెలుసన్నావు. సరే, నీకు తెలిసిందే కదా అని ఊరుకున్నా."

అది ఏ రోజో, ఎక్కడ కూర్చుని చెప్పబోయాడో ఎంత వెతుక్కున్నా ఆమెకి గుర్తు రాలేదు. దానికి ఇంకా ఏడుపొచ్చింది. మాటలు తక్కువ మనిషట. ఆయన ఎన్నిసార్లు నోరు తెరిచాడో, ఎన్నిసార్లు తను ఆ ఒక్క మాటతో మూయించిందో! తెర కుట్లు వారంలో విప్పగలిగింది. వీటినెన్నాళ్ళకి విప్పుతుంది?

లేచి, ఆయన మోకాళ్ళు తప్పించుకుంటూ అవతలి పక్కకి వెళ్ళి, వినపడే చెవి వైపు కుర్చీలో కూర్చుంది.

"రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఇప్పుడు చెప్పండి. మొదట్నుంచీ చెప్పండి. నాకేమీ తెలీదు" అంది.

ఆయన ఆమెని వింతగా చూశాడు. గొంతు సవరించుకుని, చలికాలం ముందు ఒక బస్సు ఇంజను కింద పడుకుని ఉండగా చెవిలో మొదలైన సన్నటి ఈల దగ్గర నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.